ఇంజిన్ మిస్ కొడుతోంది: కోడ్ చెప్పేది సిలిండర్ నంబరే, పాడైన పార్టు పేరు కాదు

పాత కారు కొన్న చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే తలనొప్పి ఇది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ సన్నగా అదురుతుంది. మూడో గేరులో ఎత్తు ఎక్కుతుంటే ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు కుదుపు. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు. స్కానర్ పెడితే పి0303 అనే లోపం కోడ్ చూపిస్తుంది. ప్లగ్గులు మారుస్తారు, రెండు వారాలు బాగానే ఉంటుంది, మళ్లీ మొదలు. తర్వాత స్పార్క్‌కి కరెంటు ఇచ్చే కాయిల్ అంటారు, ఆ తర్వాత పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ అంటారు, ఆఖరికి ఒకరు వచ్చి సిలిండర్ల పైనుండే హెడ్ విప్పాల్సిందే అంటారు.

ఇందులో ఎవరూ మోసం చేసి ఉండనక్కర్లేదు. మిస్‌ఫైర్ అంటే ఒక సిలిండర్‌లో మండాల్సిన మిశ్రమం మండలేదనో, అరకొరగా మండిందనో మాత్రమే అర్థం. అందుకు అరిగిన ప్లగ్గు కారణం కావచ్చు, చిట్లిన రబ్బరు గొట్టం కావచ్చు, సరిగ్గా కూర్చోని వాల్వ్ కావచ్చు. స్కానర్‌కి మూడూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసే ఆధారాలు వేరేచోట ఉంటాయి: ఎప్పుడెప్పుడు మిస్ అవుతోంది, మిగతా రీడింగులు ఏమంటున్నాయి, ఒక వస్తువు చోటు మారిస్తే లోపం కూడా దాని వెంట వెళ్లిందా లేదా. ఇక్కడ చెప్పేదంతా పెట్రోల్ ఇంజిన్ల గురించి. డీజిల్‌లో స్పార్క్ ప్లగ్గే ఉండదు కాబట్టి అక్కడి లెక్క వేరు.

## నిమిషానికి 1,600 మంటలు

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, రెండు చుట్లు తిరిగేసరికి ఒక్కో సిలిండర్ ఒక్కసారి మండుతుంది. ఐడిలింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు, 800 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) ఉందనుకుంటే సిలిండర్‌కి నిమిషానికి 400 మంటలు, నాలుగింటికీ కలిపి 1,600. నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో ఎక్కువ వాటికి మంటల వరుస 1-3-4-2. ఇందులో ఒకటి పూర్తిగా చచ్చిపోతే నాలుగో వంతు పోయినట్టే. సైలెన్సర్ గొట్టానికి కాస్త దూరంలో అరచేయి పెట్టి చూస్తే మూడు దెబ్బలు తగిలి నాలుగోది మింగేసినట్టు ఉంటుంది.

ప్రతి మంటకీ మూడు సమకూరాలి. ఒకటి, గాలి, పెట్రోల్ సరైన పాళ్లలో ఉండటం: బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్. రెండు, ఆ మిశ్రమాన్ని గట్టిగా అదమడం, అంటే కంప్రెషన్. మూడు, దాన్ని అంటించగల స్పార్క్. ఇవి సరైన క్షణంలో కలవాలి, కాబట్టి టైమింగ్‌ని నాలుగోదిగా లెక్క వేసుకోవచ్చు. ఎన్ని కారణాలున్నా చివరికి ఈ నాలుగు గుంపుల్లోనే వచ్చి పడతాయి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాత చాలా చోట్ల పనికొస్తుంది. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు మొనల మధ్య స్పార్క్ దూకడం కష్టమవుతుంది. ఐడిలింగ్‌లో పది పదిహేను వేల వోల్టులతో దూకే స్పార్క్‌కి, యాక్సిలరేటర్ తొక్కి ఎత్తు ఎక్కుతున్నప్పుడు పాతిక వేలకు పైగా కావాల్సి రావచ్చు. నీరసపడిన కాయిల్ ఐడిలింగ్‌లో నెట్టుకొచ్చేసి, లోడు పడ్డప్పుడు చేతులెత్తేసేది అందుకే.

## కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది?

సిలిండర్ లోపలికి తొంగిచూసే సెన్సర్ ఏదీ చాలా కార్లలో లేదు. క్రాంక్ షాఫ్ట్ మీదున్న పళ్ల చక్రాన్ని ఒక సెన్సర్ గమనిస్తూ ఉంటుంది. సిలిండర్ మండిన ప్రతిసారీ క్రాంక్ రవ్వంత వేగం పుంజుకోవాలి. మూడో సిలిండర్ వంతు వచ్చినప్పుడు పుంజుకోకుండా నెమ్మదిస్తే, కంప్యూటర్ ఆ సిలిండర్ పేరు మీద ఒక మిస్ రాసుకుంటుంది. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0304 అంటే నాలుగోది. ఏదో ఒకటని తేలకపోతే, లేదా రెండు మూడు సిలిండర్లు మిస్ అవుతుంటే పి0300.

లెక్క రెండు కొలతల్లో సాగుతుంది. వెయ్యి చుట్లకి వచ్చే మిస్‌లు పొగ ప్రమాణాలు దాటే స్థాయిలో ఉంటే లైటు నిలకడగా వెలుగుతుంది. 200 చుట్లలోనే, అంటే 800 ఆర్పీఎం దగ్గర పావు నిమిషంలోనే, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోయేటన్ని మిస్‌లు కనిపిస్తే లైటు ఆరుతూ వెలుగుతుంది. రెండింటి మధ్య తేడా చిన్నది కాదు. మండని పెట్రోల్, వాడని ఆక్సిజన్ కలిసి కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతాయి. లోపలి పింగాణీ తేనెపట్టు కరిగేంత వేడి పుడుతుంది. కరిగినది గడ్డకట్టి పొగ దారి మూసేస్తే, మొదట చిన్న కాయిల్‌తో పోయే ఖర్చు కన్వర్టర్ దాకా పాకుతుంది. లైటు కొట్టుకుంటుంటే బండిని అలాగే లాగించకూడదని కంపెనీలు మాన్యువల్‌లో రాసేది ఇందుకే.

కొలిచేది వేగాన్నే కాబట్టి కంప్యూటర్ పొరబడటానికీ ఆస్కారముంది. గతుకుల రోడ్డులో చక్రాల కుదుపు క్రాంక్ దాకా వచ్చి మిస్‌లా కనిపించవచ్చు. క్రాంక్ చివర కుదుపులు మింగే రెండు ముక్కల చక్రం, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్, వదులైనా అంతే. క్రాంక్ సెన్సర్ మార్చాక కొన్ని కార్లలో స్కానర్‌తో రీలెర్న్ చేయించాలి, అంటే కొత్త సెన్సర్‌ని కంప్యూటర్‌కి అలవాటు చేయించాలి. చేయించకపోతే మండుతున్న సిలిండర్ మీద కూడా కోడ్ పడుతుంది. కోడ్ ఉంది, అదురు మాత్రం ఎక్కడా లేదు అన్నప్పుడు ముందు ఈ వైపు చూడటం మంచిది.

## "ఎప్పుడు?" అన్న ప్రశ్నే సగం జవాబు

ఇంజిన్ మిస్ అవుతోందని చెప్పేటప్పుడు చాలామంది వదిలేసే వివరం ఇదే. కోడ్ పడిన క్షణంలో ఆర్పీఎం, ఇంజిన్ వేడి, లోడు ఎంతున్నాయో ఫ్రీజ్ ఫ్రేమ్ అనే చోట కంప్యూటర్ దాచిపెడుతుంది. కోడ్ చెరిపితే అదీ పోతుంది. కాబట్టి చెరపకముందే ఫోటో తీసి పెట్టుకోవాలి.

ఐడిలింగ్‌లో మిస్ అయి, రేస్ చేస్తే సర్దుకుంటుంటే: దొంగ గాలి ఎక్కడి నుంచో లోపలికి వస్తోందని, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మూసుకోవడం లేదని, లేదా ఒక సిలిండర్ కంప్రెషన్ కాస్త తగ్గిందని అనుమానించాలి. ఐడిలింగ్‌లో లోపలికొచ్చే మిశ్రమమే తక్కువ, కాబట్టి కొద్దిపాటి లోపం కూడా అక్కడ పెద్దదై కనిపిస్తుంది. వేగం పెరిగితే అది కలిసిపోతుంది.

తిన్నగా నడుస్తూ, తొక్కితే మాత్రం కుదుపు ఇస్తుంటే: ముందుగా ఇగ్నిషన్ వైపు. ప్లగ్గు గ్యాప్ పెరగడం, కాయిల్ నీరసం, కాయిల్ బూట్ (ప్లగ్గు మీదికి దిగే రబ్బరు తొడుగు) చిట్లడం. ఇవి బాగుంటే ఇంధనం ఒత్తిడి చూడాలి. నీరసపడ్డ పంపు తక్కువ అవసరానికి సరిపోయి, ఎక్కువ అడిగినప్పుడు ఇవ్వలేదు.

వాన పడ్డ రోజునో, బండి కడిగిన రోజునో వస్తే: హైటెన్షన్ వైర్లు, పాత బండ్లలో కరెంటుని ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్, బూట్లు. చీకట్లో బానెట్ ఎత్తి వైర్ల మీద సన్నగా నీళ్లు చిమ్మితే, లీకయ్యే చోట నీలి మెరుపు కంటికే కనిపిస్తుంది. చూడటమే, చేయి దగ్గరకు పోనివ్వకూడదు.

ఇంజిన్ బాగా వేడెక్కాకే వస్తే: వేడికి లోపల తీగ తెగే కాయిల్, లేదా క్లియరెన్స్ (వాల్వ్ పూర్తిగా మూసుకోవడానికి వదిలే సందు) బిగుసుకుపోయిన ఎగ్జాస్ట్ వాల్వ్. చల్లారాక కాయిల్ నిరోధం, సిలిండర్ కంప్రెషన్ కొలిస్తే రెండూ బుద్ధిమంతుల్లా కనిపించవచ్చు.

పొద్దున్నే మొదటి స్టార్ట్‌లో నిమిషం పాటు మిస్ అయి, తర్వాత రోజంతా శుభ్రంగా ఉంటే: ఇది కాస్త భయపడాల్సిన రకం. హెడ్ కింద సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్ సన్నగా లీకవుతుంటే, ఆపిన ఇంజిన్‌లో ఇంకా ఒత్తిడితో ఉన్న కూలెంట్ రాత్రంతా చుక్కచుక్కగా ఒక సిలిండర్‌లోకి దిగుతుంది. పొద్దున ఆ సిలిండర్ తడిగా ఉండి మండదు. కాసేపటికి ఆవిరైపోయి మామూలవుతుంది. కూలెంట్ బాటిల్‌లో మట్టం వారం వారం తగ్గుతోందా చూసి, ప్లగ్గులు విప్పితే ఒకటి మాత్రం మిగతా వాటికంటే వింతగా కడిగినట్టు తెల్లగా ఉంటే అనుమానం బలపడుతుంది. అయితే పొద్దుటి మిస్ అంతా గ్యాస్కెట్టేనని కాదు. పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వ్‌ల మీద పేరుకున్న కార్బన్, రాత్రంతా కారుతున్న ఇంజెక్టర్ కూడా ఇదే లక్షణం చూపిస్తాయి. కూలెంట్ తగ్గుతోందా లేదా అన్నదే వాటిని వేరుచేసే గీటురాయి.

## ప్లగ్గు చేతిలోకి వచ్చాక

ఇంజిన్ చల్లారాకే విప్పాలి. అల్యూమినియం హెడ్‌లో వేడి మీద విప్పితే మరలు ఊడొచ్చే ప్రమాదముంది. గుంటలో దుమ్ము ఉంటే ముందు గాలి కొట్టి తీసేయాలి, లేకపోతే తిన్నగా సిలిండర్‌లోకి రాలుతుంది. విప్పిన వాటిని సిలిండర్ల వరుసలోనే ఒక అట్ట మీద పెట్టాలి, ఎందుకంటే చూడాల్సింది ఒక్క ప్లగ్గుని కాదు, నాలుగింటిలో వేరుగా ఉన్నదాన్ని.

మొన దగ్గరి పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే ఆ సిలిండర్ బాగా మండుతున్నట్టు. పొడి మసి అంటే పెట్రోల్ ఎక్కువైంది, లేదా స్పార్క్ సరిగ్గా పడటం లేదు. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ సిలిండర్‌లోకి వస్తోంది: పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో కారణం. పెట్రోల్ తడి ఉంటే ఇంజెక్టర్ పనిచేస్తోంది, స్పార్కే రాలేదు. చచ్చిన సిలిండర్ ప్లగ్గు పొడిగా శుభ్రంగా ఉంటే పెట్రోలే రావడం లేదేమో.

ఇక పింగాణీ తెల్లటి పైభాగం. అక్కడ ఇనుప భాగానికి ఆనుకుని చుట్టూ గోధుమ రంగు పట్టీ కనిపిస్తుంటుంది. ఆయిల్ లీకని చాలామంది కంగారుపడతారు. సాధారణంగా అది అధిక వోల్టేజీ వల్ల గాలిలోని మురికి అంటుకున్న మరక, హాని లేదు. వెతకాల్సింది వేరే: పెన్సిల్‌తో పైనుంచి కిందికి గీసినట్టు సన్నటి నల్ల గీత. స్పార్క్ మొన దాకా పోకుండా పింగాణీ మీదుగా అడ్డదారిన ఇనుములోకి పారిందనడానికి అది ఆనవాలు. ఆ గీతకు జంటగా రబ్బరు బూట్ లోపలి గోడ మీద కూడా మరో గీత ఉంటుంది. ప్లగ్గు ఒక్కటే మార్చి పాత బూట్ తొడిగితే, కరెంటు బూట్‌లోని పాత గీతనే పట్టుకుని కొత్త ప్లగ్గు మీద కూడా గీత గీస్తుంది. "ప్లగ్గులు మార్చాక రెండు వారాలు బాగుంది" అనే కథల్లో కొన్నిటికి మూలం ఇదే.

గ్యాప్ చాలా కార్లలో 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఖచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూడాలి. 1.1 ఉండాల్సింది అరిగి 1.5 అయిందంటే కాయిల్ మీద అంత భారం పెరిగినట్టే. కాయిల్‌కి చావు తెచ్చేది తరచూ పాత ప్లగ్గే. గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే వాల్వ్ కవర్ సీలు మార్చాలి. ఆయిల్‌లో నానిన బూట్ ఎన్నాళ్లో నిలవదు.

## చోటు మార్చి చూడటం: ఖర్చు లేని పరీక్ష, ఒక షరతు

సిలిండర్‌కో కాయిల్ ఉన్న కారు. కోడ్ పి0303. మూడో కాయిల్ తీసి రెండో సిలిండర్‌కి, రెండోది మూడో సిలిండర్‌కి పెడతాం. ప్లగ్గులు ముట్టుకోం. కోడ్ చెరిపి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉన్న పరిస్థితే మళ్లీ వచ్చేలా నడుపుతాం. 2,400 ఆర్పీఎం దగ్గర ఎక్కువ లోడులో కోడ్ పడి ఉంటే, ఇంటి ముందు ఐడిలింగ్‌లో పెట్టి చూడటం వృథా.

కోడ్ పి0302 అయితే లోపం కాయిల్ వెంట నడిచింది. పి0303 గానే ఉంటే కాయిల్‌కి దోషం లేదు. అప్పుడు ప్లగ్గుల చోటు మార్చాలి, ఆ తర్వాత వీలైతే ఇంజెక్టర్లు. షరతు ఏమిటంటే ఒక్కసారికి ఒక్కటే. కాయిల్, ప్లగ్గు రెండూ కలిపి జరిపితే ఆ రెండింటిలో ఏదో ఒకటని తెలుస్తుంది, ఏదో తెలియదు.

ఏది జరిపినా కోడ్ మూడు దగ్గరే మొండికేస్తే వైరింగ్ మిగిలింది, కంప్రెషన్ మిగిలింది. పాత బండ్లలో కనెక్టర్ లాకు విరిగి, వైరు వేడికి పెళుసుబారి ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆ వైరును మెల్లగా కదిపితే శబ్దం మారుతుందా చూడాలి. ఇంజెక్టర్ల కాయిల్ నిరోధం చాలా కార్లలో 12 నుంచి 16 ఓమ్‌లు. నాలుగూ దాదాపు ఒకేలా ఉండాలి.

ఇక్కడ తెలిసినవాళ్లనే తికమకపెట్టే చిక్కు ఒకటుంది. మిస్ ఎక్కువైతే కన్వర్టర్‌ని కాపాడటానికి కొన్ని కార్ల కంప్యూటర్ ఆ సిలిండర్ ఇంజెక్టర్‌ని తనే ఆపేస్తుంది. అప్పుడు టెస్ట్ లైటు పెడితే సిగ్నల్ రాదు, ఇంజెక్టర్ వైరింగ్ పోయిందనో, కంప్యూటర్ పోయిందనో తేల్చేస్తారు. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో చూస్తే సిగ్నల్ ఉంటుంది.

ఇంకాస్త పాత కార్లలో రెండు సిలిండర్లకి ఒక కాయిల్ ఉంటుంది: ఒకటి-నాలుగు ఒక జత, రెండు-మూడు ఒక జత. పి0301, పి0304 కలిసి వస్తే కాయిల్ ప్యాక్‌ని అనుమానించడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. రెండు, మూడు కలిసి వస్తే మాత్రం అంత తేలిక కాదు. అవి కాయిల్ జత కూడా, పక్కపక్క సిలిండర్లు కూడా. వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ తెగినా ఇదే కోడ్ల జంట వస్తుంది. కంప్రెషన్ గేజి పెడితే గానీ తేలదు.

కోడ్లే ఇవ్వని కార్బురేటర్ బండ్లలో హైటెన్షన్ వైరు ఒక్కొక్కటీ పీకి ఏది పీకితే ఇంజిన్ మందగించదో చూడటం పాత అలవాటు. తర్కం సరైనదే. కానీ నడుస్తున్న ఇంజిన్‌లో వైరు పీకి గాల్లో వదిలితే చేతికి షాకు, కాయిల్‌కి దెబ్బ. ఇంజెక్టర్లున్న కారులో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి అదే పరీక్ష చేయొచ్చు. మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోదు కూడా.

## ఫ్యూయల్ ట్రిమ్: నిజం చెబుతుంది, ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది

ఎగ్జాస్ట్‌లో ఎంత ఆక్సిజన్ మిగిలిందో ఆక్సిజన్ సెన్సర్ చూసి చెబుతుంది. దాన్నిబట్టి కంప్యూటర్ పెట్రోల్ పెంచుతుంది, తగ్గిస్తుంది. ఆ సవరణే ఫ్యూయల్ ట్రిమ్. అప్పటికప్పుడు చేసేది షార్ట్ టర్మ్, అలవాటుగా మారింది లాంగ్ టర్మ్. రెండూ కలిపితే సున్నాకి అటూఇటూ పది శాతం లోపు ఉండటం మామూలు.

పి0300, పి0171 కలిసి వచ్చిన బండి ఒకటి తీసుకుందాం. పి0171 అంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని. ఐడిలింగ్‌లో షార్ట్ ట్రిమ్ +4, లాంగ్ +16, మొత్తం +20. అదే 2,500 ఆర్పీఎం దగ్గర +1, +4, మొత్తం +5. ఎందుకు తగ్గింది? ఈ కారులో గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఐడిలింగ్‌లో సెకనుకు 3 గ్రాములని చూపిస్తోంది అనుకోండి. సెన్సర్ దాటాక ఒక చిట్లిన గొట్టం లోంచి కొలతకి అందని 0.6 గ్రాము గాలి దూరుతోంది. 3కి 0.6 అంటే 20 శాతం. 2,500 దగ్గర అసలు గాలి 12 గ్రాములు. అదే 0.6 అక్కడ 5 శాతమే. ట్రిమ్ ఇలా జారితే వ్యాక్యూమ్ లీక్, అంటే దొంగ గాలి దూరడం, అని దాదాపు చెప్పేయొచ్చు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల గుంపు) గ్యాస్కెట్, ఇంజిన్ అడుగు ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి తెచ్చే పీసీవీ గొట్టం, బ్రేక్ బూస్టర్ గొట్టం వెతకాల్సిన చోట్లు. ఇన్‌టేక్‌లోకి పొగ పంపి ఎక్కడ బయటికి వస్తుందో చూడటం శుభ్రమైన పద్ధతి. వేడి ఇంజిన్ మీద కార్బురేటర్ క్లీనర్ చిమ్మి వెతకడం చాలాచోట్ల జరుగుతుంది గానీ, అది మండే ద్రవమని మర్చిపోకూడదు.

ఇదే తిరగబడి, ఐడిలింగ్‌లో +3 ఉండి లోడులో +22 అయితే ఇంధనం చాలడం లేదు. ఫిల్టర్, పంపు, ఒత్తిడి చూడాలి. పెట్రోల్‌ని ఇన్‌టేక్ వాల్వ్ వెనక చిమ్మే పోర్ట్ ఇంజెక్షన్ కార్లలో ఆ ఒత్తిడి ఎక్కువగా 3 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది.

ఇప్పుడు తప్పుదారి. మొదటిది, ఎంఏఎఫ్ బదులు ఎంఏపీ సెన్సర్‌తో గాలిని లెక్కగట్టే కార్లు చాలా ఉన్నాయి. అవి మానిఫోల్డ్ లోపలి ఒత్తిడి చూస్తాయి కాబట్టి దొంగ గాలిని కూడా లెక్కలోకి వేసుకుంటాయి. వాటిలో వ్యాక్యూమ్ లీక్ ఉంటే ట్రిమ్ పెద్దగా కదలకపోవచ్చు, బదులుగా ఐడిలింగ్ పెరుగుతుంది.

రెండోది ఇంకా లోతైనది. ఆక్సిజన్ సెన్సర్ ఆక్సిజన్‌నే చూస్తుంది. మండని పెట్రోల్ దానికి కనపడదు. స్పార్క్ లేక ఒక సిలిండర్ మండకపోతే అందులోని ఆక్సిజనంతా ఎగ్జాస్ట్‌లోకి వస్తుంది. సెన్సర్ "పెట్రోల్ తక్కువైంది" అంటుంది. కంప్యూటర్ నాలుగు సిలిండర్లకీ పెట్రోల్ పెంచుతుంది. అంటే చచ్చిన కాయిల్ ఒకటి పి0171ని పుట్టించగలదు. అది చూసి వ్యాక్యూమ్ లీక్ కోసం రోజంతా వెతికినా దొరకదు, లేదు కాబట్టి. అందుకని ఒకే సిలిండర్ గట్టిగా చచ్చి ఉంటే ట్రిమ్‌ని నమ్మకుండా ముందు ఆ సిలిండర్ సంగతి చూడాలి. మిస్ సిలిండర్ల మధ్య తిరుగుతుంటే ట్రిమ్‌తోనే మొదలుపెట్టాలి.

## కంప్రెషన్: గేజి మీది నాలుగు అంకెలు

ఇంజిన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీసేయాలి, ఇగ్నిషన్, పెట్రోల్ రెండూ ఆపాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. ఒక్కో సిలిండర్‌కి గేజి బిగించి అయిదారు దెబ్బలు తిరిగేదాకా సెల్ఫ్ కొట్టాలి. యాక్సిలరేటర్ తొక్కడం మరిచి, నాలుగు అంకెలూ తక్కువ చూసి, ఇంజిన్ పోయిందని బెంబేలెత్తడం కొత్తేమీ కాదు.

వచ్చినవి 175, 170, 110, 172 పీఎస్ఐ అనుకుందాం. పెద్ద అంకెలో 75 శాతం అంటే సుమారు 131. మూడోది దానికి బాగా కింద ఉంది. ప్లగ్గు రంధ్రంలోంచి ఓ 10 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తాం. 150కి పెరిగితే ఆయిల్ రింగుల సందులు మూసిందని అర్థం, రింగులు అరిగాయి. 112 దగ్గరే ఆగితే లీకు పైన ఉంది: వాల్వ్, లేదా గ్యాస్కెట్. అదే 172, 95, 90, 170 అయితే రెండు, మూడు మధ్య గ్యాస్కెట్ తెగినట్టు. నాలుగూ సమానంగా తక్కువైతే టైమింగ్ బెల్టు పన్ను జారిందేమో చూడాలి.

లీక్‌డౌన్ పరీక్ష ఇంకా సూటిగా చెబుతుంది. పిస్టన్‌ని పైన నిలిపి సిలిండర్‌లోకి గాలి ఎక్కించి వినడమే. థ్రాటిల్ దగ్గర బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వ్. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. ఆయిల్ మూతలోంచి వస్తే రింగులు. రేడియేటర్‌లో బుడగలైతే గ్యాస్కెట్.

గ్యాస్ (సీఎన్‌జీ, ఎల్‌పీజీ) మీద ఎక్కువ తిరిగిన పాత బండ్లలో ఒక ప్రత్యేక జబ్బు ఉంది. వాల్వ్ సీటు అరిగి వాల్వ్ హెడ్‌లోకి దిగబడుతుంది. దాని కాడ ఆ మేరకు పైకి లేచి క్లియరెన్స్ మింగేస్తుంది. ఇంజిన్ వేడెక్కితే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. ఐడిలింగ్‌లో మిస్ మొదలవుతుంది. క్లియరెన్స్ ఎక్కువైతే వాల్వ్‌లను నొక్కే ట్యాపెట్లు టక్‌టక్‌మని చెబుతాయి. బిగుసుకుంటే ఏ చప్పుడూ రాదు, పైగా ఇంజిన్ అంతకుముందుకంటే నిశ్శబ్దంగా ఉందని మురిసిపోతాం. క్లియరెన్స్‌ని తమంతట సర్దుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు లేని ఇంజిన్‌లో, కాయిల్ వైపు ఏమీ దొరకనప్పుడు, హెడ్ విప్పుదామనే ముందు సందు కొలిచే రేకులతో, అంటే ఫీలర్ గేజితో, కొలవడం అరపూట పని. సెట్టింగ్‌తోనే సరిపోయిన కేసులూ ఉంటాయి. అలాగే వదిలేస్తే వాల్వ్ అంచు కాలుతుంది.

## అన్నీ ఒకేసారి మార్చేయాలా?

రెండు పక్షాలున్నాయి. ప్లగ్గులు, కాయిల్స్ మొత్తం సెట్టు మార్చేద్దామనేవాళ్ల వాదనలో బలముంది. పాత బండికి సర్వీసు చరిత్ర తెలియదు. ఒక కాయిల్ పోయిందంటే మిగతావీ అదే వయసువి. మూడేసి సిలిండర్లు రెండు వరుసల్లో ఉండే కొన్ని వి6 ఇంజిన్లలో వెనక వరుస ప్లగ్గులు అందాలంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాలి, ఆ పని రెండుసార్లు చేయడం దండగ. పరీక్షల పేరుతో గంటలు గడపడం కూడా ఖర్చే.

పరీక్షించాకే మార్చాలనేవాళ్లు చెప్పేదీ కొట్టిపారేయలేం. నాణ్యత లేని కొత్త కాయిల్ బాగున్న పాత కాయిల్ కంటే ముందు పోతుంది. నాలుగూ ఒక్కసారి మార్చాక మిస్ పోకపోతే ఏం నేర్చుకున్నట్టు? ఆధారాలు కూడా చెదిరిపోతాయి.

ఇక్కడ ప్లగ్గుల్నీ కాయిల్స్‌నీ ఒకే గాటన కట్టకపోవడమే సబబు. ప్లగ్గు అరిగే సరుకు. నికెల్ రకం తరచూ 20,000 నుంచి 40,000 కిలోమీటర్లకే గడువు తీరేది, ఇరిడియం లక్ష దాకా వెళ్లేది. ఎప్పుడు మార్చారో తెలియని బండిలో, పాతవి చదివి చూశాక, సెట్టు మార్చడంలో తప్పేమీ లేదు. కాయిల్‌కి అలాంటి గడువు లేదు. అందరానిచోట ఉంటే తప్ప, పోయిందని తేలిన దాన్ని మార్చి ఊరుకోవచ్చు.

ట్యాంకులో పోసే ఇంజెక్టర్ క్లీనర్ల సంగతి మధ్యస్తం. పోర్ట్ ఇంజెక్షన్‌లో ఇంజెక్టర్ మొన మీది పలచటి పూతని కరిగించగలవు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోల్ వాల్వ్ వెనక్కి పోనే పోదు కాబట్టి అక్కడి కార్బన్‌ని ముట్టుకోలేవు. అరిగిన వాల్వ్‌నీ, చచ్చిన కాయిల్‌నీ ఏ సీసా బతికించదు.

## కొనకముందు స్కానర్‌లో చూడాల్సినవి

కోడ్ లేదంటే లోపం లేదని కాదు, ఈ పొద్దే చెరిపి ఉండొచ్చు. కోడ్ చెరిపితే, బ్యాటరీ వైరు తీస్తే, కంప్యూటర్ తన సొంత పరీక్షల ఫలితాలన్నీ పోగొట్టుకుంటుంది. వాటిని రెడీనెస్ మానిటర్లు అంటారు. మిస్‌ఫైర్ మానిటర్ నిరంతరం నడిచేది కాబట్టి కొన్ని కార్లలో అది వెంటనే "పూర్తయింది" అని చూపిస్తుంది. దాన్ని చూసి నమ్మకూడదు. క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్ మానిటర్లు "పూర్తి కాలేదు" అంటుంటే ఈమధ్యే ఎవరో కోడ్ చెరిపి ఉండొచ్చు, లేదా బ్యాటరీ వైరు తీసి ఉండొచ్చు. చాలా కార్లలో కోడ్లు చెరిపాక నడిచిన దూరం కూడా స్కానర్‌లో వస్తుంది. 6 కిలోమీటర్లు అని కనిపిస్తే అడగాల్సిన ప్రశ్న అదే.

తాళం ఆన్‌లో పెట్టి స్టార్ట్ చేయకముందు ఇంజిన్ లైటు వెలగాలి. వెలగకపోతే బల్బు పోయి ఉండొచ్చు, లేదా ఎవరో తీసేసి ఉండొచ్చు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే పొద్దుటి మిస్ మీకు కనపడదు. మిస్‌ఫైర్ కోడ్‌తో పాటు పి0420 కూడా ఉంటే కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని కంప్యూటర్ ఫిర్యాదు. బేరంలో ఆ పార్టు ధర కూడా లెక్కేసుకోవాల్సిందే.

## బాగయ్యాక మిగిలే పని

కొన్ని స్కానర్లలో మోడ్ 6 అనే విభాగం ఉంటుంది. అక్కడ ఒక్కో సిలిండర్‌కి ఈ ప్రయాణంలో వచ్చిన మిస్‌ల లెక్క, గత పది ప్రయాణాల సగటు విడివిడిగా వస్తాయి. లైటు వెలగకపోయినా మూడో సిలిండర్ దగ్గర 40, మిగతావాటి దగ్గర సున్నాలు ఉంటే పని పూర్తికాలేదు. పరీక్ష ప్రయాణం పాత ఫ్రీజ్ ఫ్రేమ్‌లోని వేడి, వేగం, లోడుకి దగ్గరగా ఉండాలి. ప్లస్‌లోకి పోయిన ట్రిమ్ మెల్లగా సున్నా వైపు రావాలి. రాకపోతే వ్యాక్యూమ్ లీక్ నిజంగానే ఉండొచ్చు, లేదా ఇంధనం చాలడం లేదేమో చూడాలి.

చివరగా డిప్ స్టిక్ తీసి వాసన చూడాలి. రోజుల తరబడి ఒక సిలిండర్ మండకుండా తిరిగితే పెట్రోల్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. మట్టం పెరిగి, ఆయిల్ పలచబడి, పెట్రోల్ వాసన వేస్తుంటే గడువు ఇంకా ఎంత మిగిలి ఉన్నా ఆయిల్, ఫిల్టర్ రెండూ అప్పుడే మార్చేయాలి.